నాలుగు నూళ్ళు

మా ఇంట్లో నా కోపానికి ఒక మర్యాద ఉండేది. సాయంత్రం పని నుంచి వచ్చి నేను సైకిల్ స్టాండ్ వేసే చప్పుడును బట్టి, ఆ పూట నాతో ఏం మాట్లాడొచ్చో ఏం మాట్లాడకూడదో మా ఆవిడ తేల్చుకునేది. స్టాండ్ మెల్లగా పడితే చాయ్‌తో పాటు ఇంటి సంగతులు కూడా వచ్చేవి. ధడాలున పడితే చాయ్ ఒక్కటే వచ్చేది. అప్పట్లో దాన్ని నేను గౌరవం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నా కోపం మీదే నాకు కోపం. ఈ రాసేదంతా అదే.

నేను ప్యాటర్న్ మేకర్ని. వరంగల్ స్టేషన్ అవతల ఒక చిన్న ఫౌండ్రీలో పని. నర్సంపేట దిక్కు రైతులు బావులకు మోటార్లు బిగించుకుంటున్న రోజులవి. ఆ పంపుల బాడీలు మా దగ్గర పోసేవాళ్ళు. పోసే ముందు అదే ఆకారాన్ని టేకు చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కను ఇసుకలో ఒత్తి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చల్లారేటప్పుడు ఇనుము కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి చెక్కను అసలు కొలత కంటే ఆ కాస్త పెద్దగా చెయ్యాలి. ఎంత పెద్దగా అన్నదే మా పనిలోని కిటుకు. పంపు మీద పేరు సేటుది. లోపల కొలత నాది. అంగుళంలో ఎనిమిదో వంతును మేము నూలు అంటాం. పన్నెండేళ్ళలో ఒక్క నూలు తేడా వచ్చి ఒక్క పంపు కూడా నా వల్ల వెనక్కి రాలేదు. గొప్ప చెప్పుకోవడానికి కాదు అని అనాలేమో. గొప్ప చెప్పుకోవడానికే చెబుతున్నాను. అప్పట్లో నాకున్నది అదొక్కటే.

చౌరస్తా దగ్గరి సందులో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్న ఒకతను నాకు దోస్తు. నాకంటే అయిదారేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. నా నోటికి ఓర్చుకుని మిగిలిన దోస్తు అతనొక్కడే. మిగతావాళ్ళను ఒక్కొక్కణ్ణీ నేనే తరిమేశాను. ఊళ్ళో సగం రేడియోలు అతని చేతిలో నోరు తెరిచినవే. అయినా అతనికొక బాధ ఉండేది.

"అందరి పెట్టెలు మాట్లాడిపిస్తన్న గని, నాదనేటిది ఒక్కటి లేదన్నా. నేనిక్కడ బటన్ ఒత్తితె గక్కడెక్కడో ఏదన్న కదలాలె. గదొక్కసారి చూడాలె" అనేవాడు. పిచ్చోడు అనుకునేవాణ్ణి.

ఆ పిచ్చికి మందు హన్మకొండలో పండ్లు పీకే డాక్టరు దగ్గర దొరికింది. డాక్టరు అల్లుడు పెద్ద ఓడల్లో ఇంజనీరు. ఎక్కడో ఏ రేవులోనో బొమ్మ పడవలను దూరం నుంచి నడిపే సెట్టు ఒకటి కొని, వాడి, లోపలి వైర్లు కాల్చేసి, మామగారింట్లో పడేసిపోయాడు. చేతిలో పట్టుకునే పెట్టె ఒకటి, పడవలో పెట్టే చిన్న పెట్టె ఒకటి, రెండు చిన్న మోటార్లు. డాక్టరు దాన్ని రిపేరుకు తెచ్చాడు. మా వాడు మూడు నెలలు దాని ముందు కూర్చుని బాగు చేశాడు. ఆ రోజుల్లో మా దిక్కు వైర్‌లెస్ అన్న మాట బయటికొస్తే మర్నాడు పోలీసులు ఇంటి ముందుండేవాళ్ళు. లైసెన్సు కాయితం డాక్టరు దగ్గర ఉన్నా సరే, మేమిద్దరం దాన్ని డబ్బా అనే పిలుచుకునేవాళ్ళం.

డాక్టరే ఇంకో సంగతి కూడా చెప్పాడు. డాక్టర్లు, లెక్చరర్లు, రైల్వే ఆఫీసర్లు పది పన్నెండు మంది కలిసి వడ్డేపల్లి చెరువులో ఇట్లాంటి పడవలకు పోటీ పెట్టుకుంటున్నారట. ఎవరైనా రావచ్చట. పడవ సొంతంగా చేసింది కావాలి, ఇంజను ఉండకూడదు, తెరచాపతో గాలికే పోవాలి, పొడవు యాభై అంగుళాలు దాటకూడదు. పోటీ ఒక ఆదివారం. మర్నాడు సోమవారం అల్లుడు ఆ సెట్టు తీసుకుని బొంబాయి బండి ఎక్కుతాడు. అంతవరకు వాడుకొమ్మన్నాడు డాక్టరు. అంటే మా వాడికి జన్మలో దొరికే ఒక్క పోటీ అదే.

"పడవ నువ్వు చెయ్యాలన్నా" అన్నాడు. "నీ చెయ్యి పడితె ఇగ తిరుగుండది."

పొగిడితే పడిపోయే మనిషిని. ఒప్పుకున్నాను.

సెట్టుతో పాటు విదేశీ పత్రికలోంచి చింపిన కాయితం ఒకటి ఉంది. దాని మీద పడవ బొమ్మ, కొలతలు. మా పనిలో మొదట ఒక పెద్ద పలక మీద వస్తువును అసలు సైజులో గీసుకుంటాం. ఆ తర్వాత కొలతలన్నీ ఆ గీత మీది నుంచే కంపాసుతో ఎత్తుకుంటాం, మళ్ళీ స్కేలు ముట్టే పని ఉండదు. అట్లాగే గీశాను, నా రెండడుగుల ఉక్కు స్కేలుతో. ములుగు నుంచి పొనికి కర్ర తెప్పించాను, బస్సు టాపు మీద. నిర్మల్ బొమ్మలు చేసేది ఆ కర్రతోనే, ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టుంటుంది. పలకలుగా కోసి, రెండు ట్యూబులు కలిపే జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి, బయట చెక్కి, లోపల గుల్ల చేశాను. అంచు మందం బిస్కెట్ అంత. పడవ పక్కకు పడిపోకుండా అడుగున రెక్క, ఆ రెక్క కింద సీసం ముద్ద ఉండాలి. సీసాన్ని సేటు అన్నానికి పోయిన గంటలో ఫౌండ్రీలోనే పోశాం. తెరచాప కొయ్య టీవీ యాంటెనా గొట్టం. తెరచాపను బిగించి వదిలే తాడు, రేడియోలో ముల్లును జరిపే డయల్ తాడే. అది మా వాడి ఉపాయం. బాగుందని అప్పుడు అనలేదు. ఎవరి పనినైనా బాగుందనడం నాకు చేతనయ్యేది కాదు.

గీతలు గీసే రోజునే మా వాడు నా స్కేలును తిప్పి చూసి అడిగాడు.

"దీని మీద సీ.ఐ. అని కొట్టి ఉన్నదేందన్నా?"

"సర్కిల్ ఇన్‌స్పెక్టర్" అన్నాను. "దీని మాటకు ఎదురు చెప్తే లోపలేస్తది."

పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత స్కేలు కనిపించినప్పుడల్లా దానికి సెల్యూట్ కొట్టేవాడు. నాకు సంతోషంగా ఉండేది. ఆ స్కేలుకు కొట్టినా నాకు కొట్టినట్టే.

పడవ మా వాడి ఇంట్లో, ముందు గదిలోనే ఉండేది. అతని భార్య ఆ గదిలోనే మిషన్ మీద బట్టలు కుట్టేది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. దుమ్ము పడుతోందని ఒక ఆదివారం ఆమె పడవ మీద కప్పే గలీబు కుడదామని టేపు పెట్టి కొలిచింది.

"యాభైన్నర వస్తాందన్నా" అంది.

"గుడ్డల టేపు సాగుతది చెల్లె. దాంతోటి జాకెట్లు కొలుచుకో. నా పని కొలువకు" అన్నాను.

అన్న మాటకంటే అన్న తీరు అన్యాయంగా ఉంది. ఆమె టేపు చుట్టి మిషన్ సొరుగులో పెట్టేసింది. సాగిన టేపు పొడవును తక్కువ చూపిస్తుంది గాని ఎక్కువ చూపించదు. రోజంతా కొలతలతో బతికే నాకు ఆ మాత్రం తట్టలేదు. కోపం ముందు నడుస్తుంటే బుద్ధి వెనక నడుస్తుందనేది మా అమ్మ. నా విషయంలో బుద్ధి ఇంట్లోంచే బయలుదేరలేదు.

తెరచాపలు కుట్టింది కూడా ఆమే. కాయితం మీది అంకెలు చూసి, తన టేపుతోనే కొలిచి, సన్నని టెరిలిన్ గుడ్డ కోసి, అంచుల్లో మడత ఎక్కడా ముడుచుకోకుండా కుట్టింది. కొయ్యకు కట్టి చూస్తే పైన ముప్పావు అంగుళం తక్కువొచ్చింది.

"చూసినవా?" అన్నాను. "టేపు సాగిందంటే వినకపోతివి. ముప్పావంగుళం తక్కువ కోసినవ్."

"అంకెలు చూసే కోసిన గదన్నా" అంది.

"అంకెలు చూస్తే చాలదు, కొలువ రావాలె" అన్నాను.

మా వాడు అక్కడే ఉన్నాడు. చేతిలోని సోల్డరింగ్ ఇనుము వైపు చూస్తున్నాడు గాని నా వైపు గాని ఆమె వైపు గాని చూడలేదు. ఆమె కొత్త గుడ్డ తెచ్చి రెండు తెరచాపలూ మళ్ళీ కుట్టింది, ఈసారి నేను చెప్పిన కొలతకు. సరిగ్గా కుట్టిన దాన్ని విప్పించి తప్పుగా కుట్టించాను. పడవలో సరైన కొలత మీద ఉన్నవి ఆ మొదటి తెరచాపలొక్కటే. వాటిని ఆమె తర్వాత చేసంచులు చేసిందట.

పోటీ వారం రోజులుందనగా మా వాడు దుకాణం దగ్గర ఒక మాట అన్నాడు.

"అన్నా, పడవ ముక్కు మరీ సూదోలె ఉన్నది. జర అరగదీద్దామా? ఓ అర్ధంగుళం."

"ఎందుకు?"

"ఊకెనే. ఒడ్డుకు గిట్ల తాకితె ఇరుగుతదేమో అని."

"నువ్వు రేడియో చూసుకో తమ్మీ. చెక్క నేను చూసుకుంట."

సరేనన్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున చెరువు దగ్గరికి తీసుకుపోయాం. చాకలోళ్ళు బండల మీద బట్టలు ఉతుకుతున్నారు. ఓ మూల గుర్రపుడెక్క పట్టి ఉంది, మిగతా నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. మోకాళ్ళ లోతు దిగి పడవను వదిలాను. గాలి పట్టుకోగానే అది ఒక పక్కకు వంగింది. ఇక మునిగిందనుకున్నాను. సీసం బరువు దాన్ని అక్కడే ఆపింది. అట్లా వంగే, చప్పుడు లేకుండా పోవడం మొదలుపెట్టింది. మా వాడు డబ్బా మీది పుల్లను బొటనవేలితో కొంచెం జరిపాడు. నూరు గజాల అవతల పడవ తల తిప్పింది.

పోవడం ఎవరైనా పోతారు, రావడమే కష్టం. గాలికి ఎదురు పడవ సూటిగా రాదు. ఇటు కొంత, అటు కొంత, తాగినోడు ఇల్లు చేరినట్టు రావాలి. మలుపు మలుపుకూ మా వాడు తెరచాప బిగిస్తున్నాడు, చుక్కాని తిప్పుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. బట్టలు ఉతికే ముసలాయన చేతిలోని చీరను అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"తాడు లేకుంట ఎట్లొస్తాంది బిడ్డా?" అని అడిగాడు.

"మా తమ్ముడు రమ్మంటాండు, వస్తాంది" అన్నాను.

పడవ వచ్చి నా అరచేతిలో ముక్కు ఆనించి ఆగింది. మా వాడి వైపు చూశాను. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నాకు కూడా ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఎవరికీ కనిపించకుండా మొహం కడుక్కున్నాను.

ఆదివారం మేం ముగ్గురం పోయాం. మా వాడు, అతని భార్య, నేను. ఆమె టిఫిన్ డబ్బాలో పులిహోర కట్టుకొచ్చింది. చెరువు కట్ట మీద కార్లు, స్కూటర్లు, నల్లకళ్ళద్దాలు. ఎనిమిది పడవలొచ్చాయి. వాటిలో సగం బయటి నుంచి తెప్పించిన పెట్టెల్లోని ముక్కలు అతికించినవని చూడగానే తెలిసింది. మా పడవ పక్కన పెట్టగానే ఇద్దరు ముగ్గురు వచ్చి ఒంగి చూసి, ఎవరు చేశారని అడిగారు. మా వాడు నన్ను చూపించాడు. నా ఛాతీ జేబు గుండీ తెగేంత ఉబ్బింది.

పోటీకి ముందు కొలత. ఒక బల్ల మీద పొడవాటి పలక, దానికి అటొక మేకు ఇటొక మేకు. పడవ ఆ రెండు మేకుల మధ్య ఇమిడితే చాలు. కొలిచేది ఒక లెక్చరర్ సార్, సన్నటి మనిషి. మాట చివర అండీ చేరుస్తున్నాడు కాబట్టి కోస్తా నుంచి వచ్చినాయన. ఏడు పడవలు ఇమిడాయి. మాది ఇమడలేదు. వెనక భాగం ఒక మేకుకు తగిలింది, ముక్కు రెండో మేకు పైకెక్కి నిలబడింది.

సార్ ఉక్కు టేపు తీసి కొలిచాడు.

"అర అంగుళం ఎక్కువుందండీ" అన్నాడు.

"ఉండది" అన్నాను.

"ఉందండీ. యాభై మీద నాలుగు నూళ్ళు."

"మీ పలక తప్పు, మీ టేపు తప్పు. పన్నెండేండ్ల సంది కొలుస్తన్న, నాకు చెప్తరా?" అని అరిచాను. సంచిలోంచి నా స్కేలు తీసి అందరి ముందూ పడవ మీద పెట్టాను. రెండడుగులు, మళ్ళీ రెండడుగులు, మీద రెండంగుళాలు. యాభై. వెంట్రుకవాసి తేడా లేదు. చూసుకోండి అన్నట్టు స్కేలును ఆయన చేతిలో పెట్టాను.

ఆయన స్కేలును తిప్పాడు. సీ.ఐ. అన్న అక్షరాల మీద బొటనవేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తన టేపును దాని పక్కన పరిచాడు. నాకు మాత్రమే కనపడేలా, ఒంటిని అడ్డం పెట్టి పరిచాడు. నా రెండడుగులు ఆయన రెండడుగుల కంటే రెండు నూళ్ళు ఎక్కువున్నాయి.

సీ.ఐ. అంటే కాస్ట్ ఐరన్. పోత ఇనుము. అది ప్యాటర్న్ మేకర్ల స్కేలు. ఇనుము చల్లారితే అడుగుకు ఒక నూలు తగ్గుతుంది కాబట్టి, ఆ స్కేలు మీద ప్రతి అడుగునూ ఒక నూలు పెంచే గీస్తారు. మేము లెక్క కట్టనక్కర లేకుండా చెక్క దానంతట అదే పెద్దగా వస్తుంది. అది నాకు తెలియదా? మా పనిలో చేరిన మొదటి రోజున చెప్పేదే అది. కాని పన్నెండేళ్ళుగా నా చేతికి వేరే స్కేలు తెలియదు. మామూలు స్కేలు పెట్టె అడుగున తుప్పు పట్టి ఉంది. ఇంట్లో మంచం కొలిచినా, తలుపు కొలిచినా దాంతోనే. ఎప్పుడూ చల్లారని, ఎప్పుడూ కుంచించుకుపోని పొనికి కర్రను, చల్లారే ఇనుముకు కొలిచినట్టు కొలిచాను. చెల్లె టేపు సాగలేదు. తెరచాపలు చిన్నగా లేవు. అంతా ఒక్క క్షణంలో అర్థమైంది.

సార్ స్కేలును బోర్లించి, అక్షరాలు కిందికి పెట్టి, నా చేతికిచ్చాడు.

"ఫౌండ్రీలో పనా అండీ?" అని మెల్లగా అడిగాడు. నేను స్కేలును సంచిలో దోపాను. "చాలా మంచి పని. నా కారులో హాక్సా బ్లేడుంది. ముక్కు దగ్గర అర అంగుళం తీసేసి రండి. మొదటి రేసు పోయినా, రెండోదాన్ని మీరొచ్చేదాకా నేను ఆపిస్తాను."

ఆయన నా పరువు కాపాడాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ చూపించలేదు. పది నిమిషాల పని. ఆ బ్లేడు తీసుకుని కోసి ఉంటే, ఆ పూట మా వాడు చెరువులో పడవ నడిపేవాడు. తప్పు తెలిసినప్పుడు మనిషికి సిగ్గు రావాలి. నాకు కోపమొచ్చింది.

"మేం కూలోళ్ళమనే గద గిట్ల చేస్తాన్రు" అని అరిచాను. "కార్లేసుకొచ్చినోళ్ళ పడవలన్ని పట్టినయి, మాదొక్కటే పట్టదు. ఎక్కడెక్కడినుంచో వచ్చి మా చెరువు కాడ మాకే కొలువ నేర్పుతరా? మీ బ్లేడు మీరే పెట్టుకోండ్రి. నా పడవ మీద రంపం పెట్టనియ్య."

నేను అన్నవాటిలో చాలా మాటలు ఇంకో చోట, ఇంకో రోజు నిజమే. మా పని మాది, పేరు ఇంకొకరిది. ఆ సంగతి ఫౌండ్రీలో సేటు ముందు ఒక్కసారైనా అనలేదు. అక్కడ అణిగి ఉండి, ఇక్కడ నన్ను కాపాడిన మనిషి మీద కక్కాను. నిజాన్ని తీసుకెళ్ళి నా అబద్ధానికి అడ్డం పెట్టాను. దానికి నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు.

"అన్నా, కోద్దామే. అర్ధంగుళమే గదా" అన్నాడు మా వాడు. మెడలో డబ్బా, దాని యాంటెనా పూర్తిగా లాగి ఉంది.

"నీకు నా కొలువ మీద నమ్మకం లేదా?" అన్నాను.

పడవను తెరచాపలతో సహా చంకన పెట్టుకుని కట్ట దిగి నడవడం మొదలుపెట్టాను. వెనక ఎవరూ పిలవలేదు.

నలభై అడుగులు వేశానో లేదో, నా పక్కటెముకల దగ్గర ఏదో కదిలింది. చుక్కాని. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది, మళ్ళీ ఎడమకు. కొలతకు ముందే పడవలో స్విచ్ వేసి ఉంచాం. మా వాడు కట్ట మీద నిలబడి పుల్ల కదుపుతున్నాడు. నోటితో పిలిస్తే నేను ఏమంటానో అతనికి తెలుసు, అందుకని అట్లా పిలిచాడు. ఆ చిన్న మోటారు చప్పుడు చొక్కాలోంచి వినబడుతోంది. చెరువు అవతలి నుంచి పడవను రప్పించినవాడు నన్ను రప్పించుకోవాలని చూశాడు. నేను పడవ మూత కిందికి వేలు పోనిచ్చి స్విచ్ ఆపేశాను.

సోమవారం సెట్టు బొంబాయికి పోయింది. పడవ మా అటక మీదికి పోయింది.

మా వాడు ఆ ఆదివారం సంగతి నాతో ఎత్తలేదు. కాని చౌరస్తా చాయ్ హోటల్లో ఎవరైనా పడవ ఏమైందని అడిగితే మాత్రం, "మా అన్నకు అన్యాయం చేసిండ్రు, సక్కగ కొలువనియ్యలే" అని చెప్పేవాడు. నేను పక్కనే కూర్చుని చాయ్ తాగుతూ వినేవాణ్ణి. తల కూడా ఊపేవాణ్ణి. ఒక్కసారి కాదు, నాలుగైదేళ్ళు విన్నాను. నా అబద్ధాన్ని నా కోసం అతను మోస్తుంటే, బరువుగా ఉందా తమ్మీ అని కూడా అడగలేదు.

ఒక పండుగకు చొక్కా కుట్టించుకుందామని వాళ్ళింటికి పోయాను. చెల్లె మిషన్ సొరుగులోంచి టేపు తీసింది. అదే టేపు, అంచుల్లో అంకెలు అరిగిపోయి. నా ఛాతీ చుట్టూ పెట్టి, అంకె చూసి, పలక మీద రాసుకుంది. మా వాడు మూల కూర్చుని ఏదో టేప్‌రికార్డర్ విప్పుతున్నాడు. ఆ టేపు ఒంటికి తగిలింది. అన్నేళ్ళు దాచింది ఒక్కసారే బయటపడింది.

"చెల్లె, నీ టేపు సాగలే" అన్నాను. "నా స్కేలే తప్పు. సీ.ఐ. అంటే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాదు, కాస్ట్ ఐరన్. పడవ యాభైన్నరే ఉండె. ఆనాడు చెరువు కాడనే నాకు తెలిసింది."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తల ఎత్తకుండానే స్క్రూ ఒకటి తీసి మూతలో పెట్టాడు.

"ఎరికే అన్నా" అన్నాడు. "మేం మూడు టేపులతోటి కొలిచినం. లైన్‌మెన్ కాడికెల్లి ఇనుప టేపు గూడ తెచ్చి చూసినం. పోటీకి పది రోజుల ముందుగాల్నే ఎరిక."

ముక్కు అరగదీద్దామన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"మరి చెప్పొద్దా? నోరు లేదా మీకు?" అన్నాను. నా గొంతు నేను వద్దనుకుంటున్నా లేచింది.

"చెప్తే నీకు కోపమొస్తది గదన్నా" అన్నాడు. నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. వానొస్తే తడుస్తాం గదా అన్నట్టు అన్నాడు.

ఆమె అప్పటికే టేపు చుట్టేసి లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చున్నాను. కాసేపటికి లోపల్నుంచి చాయ్ వచ్చింది. చాయ్ ఒక్కటే వచ్చింది.